తాళం వేసిన పెట్టె

ఇల్లు మారేటప్పుడు సామానుతో పాటు జ్ఞాపకాలు కూడా అటక దిగుతాయి. టౌన్‌షిప్ జీవితంలో క్వార్టరు మారడం మనకందరికీ అలవాటే. అయినా ప్రతిసారీ ఏదో ఒక పెట్టె మనల్ని కాసేపు నేలమీద కూర్చోబెడుతుంది. గత వేసవిలో మాకు అటువంటి అనుభవమే కలిగింది.

అటక మీద, పాత దినపత్రికల కట్టల వెనుక, ఒక రేకు పెట్టె కనిపించింది. తుప్పు పట్టిన తాళం వేసి ఉంది. తాళంచెవి ఏమయిందో నాకు గాని, మా శ్రీమతికి గాని గుర్తు లేదు. "ఇందులో ఏముంది నాన్నా?" అని మా అమ్మాయి అడిగింది. "తాళం" అన్నాను. "తాళం పైన ఉంది కదా, లోపల ఏముంది అని అడుగుతున్నా!" అని నవ్వింది. నేను చెప్పినది నిజమే. ఆ పెట్టెలో నా యౌవనపు తాళం ఉంది. జపానులో తయారైన ఒక చిన్న రిథమ్ యంత్రం, నలభై దాకా క్యాసెట్లు, నా చేతితో టంకం పెట్టిన ఒక సర్క్యూట్ బోర్డు.

నాతో పాటు 1980లలో చదువుకుని, ఆ దశకం చివర ఉద్యోగంలో చేరిన మిత్రులకు ఈ పెట్టె పరిచితమే అయి ఉంటుంది. మా తరం వినికిడిలో ఒక పెద్ద మార్పు జరిగింది. తీగ, తోలు, గాలి పలికించే సంగీతంలోకి విద్యుత్తు పలికించే సంగీతం ప్రవేశించిన రోజులవి. ఆ సంగీతాన్ని తలచుకుని మురిసిపోవడం ఈ వ్యాసానికి ఒక ఉద్దేశ్యం. దానితో ముడిపడిన ఒక తప్పును సహోద్యోగుల ముందు చెప్పుకోవడం రెండవ ఉద్దేశ్యం.

పెళ్ళిపందిట్లో కొత్త ధ్వని

1980 నాటికి నేను హైస్కూలు విద్యార్థిని. మా ఊళ్ళో పెళ్ళి జరిగితే తాటాకు పందిరి గుంజకు మైకుసెట్టు వాళ్ళ రేకు గొట్టాలు కట్టేవారు. ఉదయం సుప్రభాతంతో మొదలై, మధ్యాహ్నానికి సినిమా పాటల్లోకి దిగేది. ఆ సంవత్సరమే 'కుర్బానీ' హిందీ చిత్రంలోని ఒక పాట ఊరూరా మోగింది. పాడిన అమ్మాయి కరాచీలో పుట్టిన నాజియా హసన్. సంగీతం కూర్చినవారు బెంగళూరులో పుట్టి లండన్‌లో స్థిరపడిన బిద్దు. మరుసటి ఏడు, 1981లో, వారిద్దరి 'డిస్కో దీవానే' రికార్డు వచ్చింది. సరిహద్దుకు ఇటూ అటూ ఒకే పాటకు కాళ్ళు కదిపిన అరుదైన సందర్భమది. ఆ తరువాత 1982లో బప్పీ లాహిరి సంగీతంతో 'డిస్కో డాన్సర్' వచ్చింది.

మాటలు మాకు సరిగా అర్థమయ్యేవి కావు. కాని ఆ పాటల వెనుక వినిపించే ధ్వని ఏ వాద్యానిదో ఊళ్ళో ఎవరూ చెప్పలేకపోయారు. వయొలిన్ కాదు, హార్మోనియం కాదు, సన్నాయి అంతకన్నా కాదు. "అది కరెంటు వాయిద్యంరా" అన్నాడు మైకుసెట్టు అబ్బాయి. నా వృత్తిని నిర్ణయించిన మాటల్లో అదొకటి అని ఇప్పుడు అనిపిస్తుంది.

విద్యుత్తుకు గొంతు వచ్చిన కథ

కరెంటు వాయిద్యం అంత కొత్తదేమీ కాదని ఇంజనీరింగు చదివే రోజుల్లో తెలిసింది. అమెరికాకు చెందిన థాడియస్ కాహిల్ 1897లోనే 'టెల్‌హార్మోనియం' అనే యంత్రానికి పేటెంటు పొందాడు. విద్యుత్ కేంద్రంలో పనిచేసే మిత్రులకు దాని సూత్రం ఒక్క మాటలో అర్థమవుతుంది. ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క జనరేటరు. తిరిగే వేగాన్ని, పళ్ళ సంఖ్యను బట్టి పౌనఃపున్యం మారుతుంది. ఆ విద్యుత్తును టెలిఫోను తీగల ద్వారా శ్రోతల చెవికి చేర్చేవారు. తరువాత నిర్మించిన యంత్రం సుమారు 200 టన్నుల బరువు తూగింది. మన మెషిన్ షాపులో కూడా దానిని సర్దడం కష్టమే!

ట్రాన్సిస్టరు వచ్చాక ఆ బరువంతా బల్లమీదకు దిగింది. 1964లో రాబర్ట్ మూగ్ రూపొందించిన సింథసైజరులో మూడు ముఖ్యమైన భాగాలున్నాయి. ధ్వనిని పుట్టించే ఆసిలేటరు, దానిలో అక్కరలేని భాగాన్ని తీసివేసే ఫిల్టరు, ధ్వని ఎప్పుడు లేవాలో ఎప్పుడు తగ్గాలో నిర్ణయించే ఏర్పాటు. వీటన్నిటినీ వోల్టేజితో అదుపు చేయవచ్చు. మన ప్లాంటులో ప్రెషర్ ట్రాన్స్‌మిటరు ఆవిరి పీడనాన్ని 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల భాషలో చెబుతుంది కదా! అలాగే మూగ్ యంత్రంలో స్వరాన్ని వోల్టేజి భాషలో చెప్పారు. ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి పైకి పోతుంది. స్థాయికి పన్నెండు స్వరస్థానాలు గనుక ఒక్కొక్క మెట్టుకు సుమారు 83 మిల్లీవోల్టులు. సరిగమలకు, ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగానికి ఇంత దగ్గర చుట్టరికం ఉందని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

ఆ యంత్రాలలో ఒకటి 1969లోనే మన దేశానికి వచ్చిందన్న సంగతి చాలాకాలం ఎక్కువమందికి తెలియదు. అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ సహాయంతో మూగ్ సింథసైజరుతో ఒక స్టూడియో ఏర్పడింది. గీతా శారాభాయి, ఐ.ఎస్.మాథుర్, అతుల్ దేశాయి, ఎస్.సి.శర్మ, జిన్‌రాజ్ జోషీపురా వంటివారు అక్కడ ప్రయోగాలు చేశారు. కొద్ది సంవత్సరాలకే ఆ స్టూడియో మూగవోయింది. ఆ టేపులు సంస్థ భాండాగారంలో దశాబ్దాల పాటు నిద్రపోయి, పాల్ పుర్గాస్ అనే బ్రిటిష్ కళాకారుని కంటపడి, చివరకు 2023లో రికార్డుగా వెలువడ్డాయి. అటక మీది పెట్టెలు మన ఇళ్ళలోనే కాదు, సంస్థలలో కూడా ఉంటాయన్నమాట.

హాస్టలు గదిలో జర్మనీ, ఫ్రాన్సు

ఇంజనీరింగు హాస్టలులో మా గదిలో ఒక టేపురికార్డరు ఉండేది. నలుగురం చందాలు వేసుకుని కొన్నాం. ఆ రోజుల్లో క్యాసెట్టును సంరక్షించడం ఒక విద్య. టేపు వదులైతే పెన్సిలు దూర్చి తిప్పడం, హెడ్డుకు దూదితో స్పిరిటు అద్దడం, ధ్వని మందగిస్తే సన్న స్క్రూడ్రైవరుతో హెడ్డు మేకును వెంట్రుకవాసి కదపడం మాకు పాఠ్యపుస్తకాలకంటే ముందు వచ్చాయి. బజారులోని రికార్డింగు సెంటరులో పాటల జాబితా రాసిస్తే ఖాళీ క్యాసెట్టు నింపి ఇచ్చేవారు. 90 నిమిషాల టేపులో చివరి పాట సగంలో తెగిపోయేది. నేటికీ కొన్ని పాటలు నా మనస్సులో అక్కడే ఆగిపోతాయి.

ఒక సీనియరు తెచ్చిన రెండు క్యాసెట్లు మా గదిని మార్చివేశాయి. మొదటిది ఫ్రెంచి సంగీతకారుడు జాన్ మిషెల్ జార్ 1976లో తన ఇంటిలోనే రికార్డు చేసిన 'ఆక్సిజన్'. అందులో మాటలు లేవు. గాలి వీచినట్లు, అలలు వచ్చిపోయినట్లు ధ్వనులు ఒకదాని మీద ఒకటి పరచుకుంటాయి. రెండవది జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ నగరానికి చెందిన క్రాఫ్ట్‌వెర్క్ బృందం 1981లో వెలువరించిన 'కంప్యూటర్ వరల్డ్'. ఆ బృందం పేరుకు జర్మన్ భాషలో విద్యుత్ కేంద్రం అని అర్థం. ఆ మాట తెలిసిన రోజున మా ఎలక్ట్రికల్ విద్యార్థుల గర్వానికి అంతులేదు!

పగలు ల్యాబొరేటరీలో 555 టైమరుతో చతురస్ర తరంగాలను చూసేవాళ్ళం. రాత్రి అదే సర్క్యూటుకు చిన్న స్పీకరు తగిలించి, నిరోధం మారుస్తూ సరిగమలు పలికించేవాళ్ళం. పెట్టెలో దొరికిన సర్క్యూట్ బోర్డు అదే. దాని గాంధారం ఎప్పుడూ కొంచెం హెచ్చుగానే ఉండేది. వేసవిలో మరీ హెచ్చేది. ఆనాటి అనలాగ్ వాద్యాలలో చాలావాటికి ఆ జబ్బు ఉండేది. వేడెక్కితే శ్రుతి జారేది. విచిత్రమేమిటంటే, ఈనాడు ఆ ధ్వనుల అభిమానులు 'వెచ్చదనం' అని మెచ్చుకునే గుణంలో ఆ జారుడుకు కూడా పాలుంది.

ఇదే కోవలో చెప్పదగిన మరొక విశేషం ఉంది. జపానుకు చెందిన రోలాండ్ సంస్థ 1980లో తెచ్చిన టి.ఆర్.808 రిథమ్ యంత్రంలో తాళాల చప్పుడు వంటి ఝంకారానికి కొంత కారణం లోపమున్న ట్రాన్సిస్టర్లు. నాణ్యత పరీక్షలో తప్పిన ట్రాన్సిస్టర్లను సంస్థాపకుడు ఇకుతారో కాకెహాషి ఏరికోరి కొన్నారు. సెమీకండక్టర్ల తయారీ మెరుగుపడి అటువంటివి దొరకకుండా పోయేసరికి ఆ యంత్రం ఉత్పత్తి 1983లో ఆగింది. సుమారు 12,000 యంత్రాలు మాత్రమే తయారయ్యాయి. నాణ్యత పెరగడం వల్ల మూతపడిన ఉత్పత్తి ఇంకొకటి ఉన్నదేమో మన క్వాలిటీ కంట్రోల్ మిత్రులే చెప్పాలి!

ఆ యంత్రంతో మన దేశంలో జరిగిన ఒక ప్రయోగాన్ని తప్పక తలచుకోవాలి. ముంబాయి సినిమా వాద్యబృందాలలో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ 1982లో 808తో పాటు మరి రెండు రోలాండ్ వాద్యాలను జతచేసి, పది హిందూస్థానీ రాగాలను డిస్కో లయలో వినిపించారు. అప్పుడు దానిని పట్టించుకున్నవారు లేరు. అయిదేళ్ళ తరువాత, 1987లో, షికాగో యువకులు అదే బేస్ యంత్రంతో చేసిన సంగీతం ప్రపంచమంతటా కొత్త బాణీగా పేరు పొందింది. 2010లో చరణ్‌జిత్ రికార్డు నెదర్లాండ్స్ నుంచి మళ్ళీ వెలువడినప్పుడు శ్రోతలు ఆశ్చర్యపోయారు. వృద్ధాప్యంలో ఆయన విదేశీ వేదికలెక్కారు. 2015లో కన్నుమూశారు.

మద్రాసు దారిలో

మన తెలుగు పాటకు ఈ గాలి మద్రాసు నుంచే వచ్చింది. 1983లో రెండు పరిణామాలు జరిగాయి. యమహా డి.ఎక్స్.7 వాద్యం వచ్చింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ కనుగొన్న ఎఫ్.ఎం. పద్ధతి దానికి ఆధారం. రేడియో ప్రసారానికి వాడే సూత్రంతోనే గంటలు, వేణువులు, వీణల వంటి ధ్వనులు అందులో పుట్టేవి. అదే ఏడు వివిధ కంపెనీల వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేందుకు 'మిడి' అనే ఉమ్మడి భాష అమలులోకి వచ్చింది. సెకనుకు 31,250 బిట్ల వేగం, అయిదు కాళ్ళ ప్లగ్గు, మధ్యలో విద్యుత్ సంబంధం లేకుండా కాంతి ద్వారా సంకేతాన్ని అందించే ఆప్టో ఐసొలేటరు. పోటీ కంపెనీలు కూర్చుని ఒక ప్రమాణానికి ఒప్పుకోవడం మన పరిశ్రమలలో ఎంత అరుదో చెప్పనక్కరలేదు. ఆ కృషికి కాకెహాషి, డేవ్ స్మిత్‌లకు 2013లో సాంకేతిక గ్రామీ పురస్కారం లభించింది.

ఇళయరాజా, రాజ్-కోటి పాటలలో ఈ ధ్వనులను మేము వెతుక్కుని వినేవాళ్ళం. రాజ్ సుప్రసిద్ధ సంగీత దర్శకులు టి.వి.రాజు కుమారుడు. కోటి సాలూరి రాజేశ్వరరావు గారి కుమారుడు. తండ్రులు వీణ, వయొలిన్, వేణువులతో తీర్చిదిద్దిన పాటను కుమారులు కీబోర్డుతో కొత్త దారి పట్టించారు. 1988లో 'యముడికి మొగుడు' పాటలు వీధివీధినా మోగాయి. వారి బృందంలో కీబోర్డు వాయించిన ఒక యువకుడు 1992లో 'రోజా' చిత్రంతో దేశమంతటికీ తెలిశాడు. ఆయనే ఎ.ఆర్.రహమాన్. తండ్రి చిన్నతనంలోనే పోగా, ఆయన వదిలివెళ్ళిన వాద్యాలను అద్దెకిచ్చి ఆ కుటుంబం బతికింది. రాజ్ 2023లో మనల్ని విడిచి వెళ్ళారు. ఆ వార్త విన్న సాయంత్రం నా వయసువారు చాలామంది పాత క్యాసెట్ల కోసం వెతికి ఉంటారు.

మన క్లబ్బు వేదికపై

ఇక నా సొంత కథకు వస్తాను. 1989లో నేను మన సంస్థలో చేరాను. టౌన్‌షిప్ క్లబ్బుకు ఒక చక్కని ఆర్కెస్ట్రా ఉండేది. మెషిన్ షాపులో సీనియరు ఫిట్టరుగా పనిచేసే ఒక పెద్దమనిషి అందులో తబలా, ఢోలక్ వాయించేవారు. అందరం ఆయనను మాస్టారు అనే పిలిచేవాళ్ళం. యువకుడిగా ఉండగా నాటక సమాజాలతో ఊళ్ళు తిరిగి నేర్చుకున్న విద్య ఆయనది. షిఫ్టు దిగి, చేతులకు అంటిన గ్రీజు కిరోసినుతో తుడుచుకుని, సబ్బుతో రెండుసార్లు కడుక్కుని గాని తబలా ముట్టేవారు కాదు.

1991లో వేతన సవరణ బకాయిలు చేతికి వచ్చాయి. కొత్తగా పెళ్ళయినవాడు చేయవలసిన పని చేయకుండా, నేను మద్రాసు వెళ్ళి, కోడంబాకంలో ఒక వాద్యకారుని వద్ద పాత రిథమ్ యంత్రం కొనుక్కొచ్చాను. మా శ్రీమతి నెల రోజులు దానిని పెట్టె అనకుండా 'సవతి' అన్నది.

దానిలో పదహారు మీటలు. ఒక్కొక్క మీట ఒక్కొక్క మాత్ర. ఆదితాళాన్ని రెండేసి మాత్రలుగా పరిస్తే సరిగ్గా పదహారు వస్తాయి. మిశ్రచాపుకు పద్నాలుగో మీట దగ్గర ఆపాలి. రాత్రులు కూర్చుని అన్నీ కట్టాను. క్లబ్బు కార్యవర్గం విని సంబరపడింది. 1992 సంస్థ ఆవిర్భావ దినోత్సవానికి అంతా 'ఆధునికంగా' చేద్దామన్నారు. కళాకారుల పేర్ల జాబితా నోటీసు బోర్డులో పెట్టారు. తబలా ఎదురుగా నా యంత్రం పేరు రాసి ఉంది. మాస్టారి పేరు లేదు. జాబితా రాసినవారు వేరు. కాని అంటించే ముందు నాకు చూపించారు. నేను చూసి, బాగుంది అన్నాను.

ఆ సాయంత్రం మన ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే సోదరి ఒక పాత పాట పాడింది. ఏళ్ళ తరబడి ఆమె మాస్టారి తబలాతో పాడింది. చరణం ఎత్తుకునే ముందు ఆమెకు ఒక నిట్టూర్పంత ఊపిరి కావాలి. మాస్టారు ఆ ఊపిరి చోట ఒక చిన్న ముక్తాయింపు వేసి ఆమెకు వ్యవధి ఇచ్చేవారు. నా యంత్రం ఇవ్వలేదు. దానికి స్ఫటికం చెప్పిన కాలం తప్ప ఇంకొకటి తెలియదు. మొదటి చరణంలో ఆమె ఒక మాత్ర వెనుకబడింది. నేను కంగారుపడి వేగం తగ్గించే గుండీ తిప్పాను. కీబోర్డు ఒక దారి, యంత్రం ఒక దారి, పాట ఒక దారి అయ్యాయి.

అప్పుడు ముందు వరుసలో కూర్చున్న మాస్టారు కుర్చీ చేతిమీద వేళ్ళతో తాళం వేయడం మొదలుపెట్టారు. ఆ సోదరి ఆయన వేళ్ళను చూసింది. చూస్తూనే పాటను అందుకున్నది. నేను యంత్రం ధ్వని పూర్తిగా తగ్గించివేశాను. పాట ముగిసింది. చప్పట్లు మోగాయి. ఏం జరిగిందో చాలామందికి తెలియలేదు. మమ్మల్ని అందరూ అభినందించారు. మాస్టారిని ఎవరూ అభినందించలేదు. తరువాతి రిహార్సలుకు ఆయన రాలేదు. ఎవరూ పిలవలేదు. నేనూ పిలవలేదు.

కంట్రోల్ రూము నేర్పిన పాఠం

నాలుగేళ్ళ తరువాత, 1996లో, మా విభాగంలో గాలి పీడనంతో పనిచేసే పాత కంట్రోల్ ప్యానెలును తీసివేసి కంప్యూటరు ఆధారిత నియంత్రణ వ్యవస్థను పెట్టే పని నాకు అప్పగించారు. డ్రాయింగులు సిద్ధమయ్యాయి. అలారాల జాబితా తయారయింది. ప్రారంభానికి వారం ముందు, ఆ ప్యానెలు ముందు ఇరవై ఏళ్ళు నిలబడిన సీనియరు ఆపరేటరు నా గదికి వచ్చి, "సార్, మాతో ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది" అన్నాడు. ఫిర్యాదుగా అనలేదు. ఉన్నమాట అన్నట్లు అన్నాడు.

నాకు క్లబ్బు నోటీసు బోర్డు కళ్ళముందు కదిలింది. ఆ సాయంత్రమే మాస్టారి క్వార్టరుకు వెళ్ళాను. వరండాలో కూర్చుని చుట్టుపక్కల పిల్లలకు తబలా నేర్పుతున్నారు. ఆశ్చర్యం ఏమిటంటే ఆయన పక్కన ఒక ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె మోగుతున్నది. బెంగళూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌లో పనిచేసిన ఇంజనీరు, వేణువాదకులు జి.రాజ్ నారాయణ్ 1979లో అటువంటి శ్రుతి పెట్టెను రూపొందించిన సంగతి పాఠకులలో కొందరికి తెలిసే ఉంటుంది. మనవంటి ప్రభుత్వ రంగ సంస్థలో పని నేర్చిన ఇంజనీరు, పాడేవారి అవసరమెరిగి చేసిన యంత్రమది. కర్ణాటక సంగీత విద్యార్థి ఉన్న ఎన్నో ఇళ్ళకు అది చేరింది.

"మీకు యంత్రాలంటే గిట్టదనుకున్నాను మాస్టారూ" అన్నాను.

ఆయన నవ్వారు. "ముప్పై ఏళ్ళు లేతు మీద అన్నం తిన్నవాణ్ణి, నాకు యంత్రమంటే గిట్టకపోవడమేమిటి ఇంజనీరు గారూ! మీ పెట్టె మంచిదే. నా చోటు అది తీసుకుందని నాకు బాధ లేదు. నా చోటు పోయిందని మీలో ఒక్కరూ నాతో చెప్పలేదు. గోడమీద చదువుకున్నాను."

నా దగ్గర సమాధానం లేదు. క్షమించమని అడిగాను. ఆయన పిల్లలతో "ఇవాళ్టికి చాలు" అని చెప్పి పంపించి, "ఆ పెట్టె ఇంకా ఉందా?" అని అడిగారు.

మరునాటి నుంచి మేమిద్దరం ఆ యంత్రంతో కూర్చున్నాం. "ఇది అన్ని మాత్రలూ నింపేస్తున్నది. కొన్ని ఖాళీ వదిలించు" అన్నారు. నేను కట్టిన వాటిలో సగానికి పైగా దెబ్బలు ఆయన తీయించారు. యంత్రం కాలాన్ని మాత్రం చెబుతుంది, మిగిలిన ఖాళీలలో తబలా మాట్లాడుతుంది. గాయకురాలికి ఊపిరి కావలసిన చోట యంత్రాన్ని ఆపి, తిరిగి సరిగ్గా ఎత్తుకునేందుకు నేను కాలితో నొక్కే ఒక స్విచ్చి చేశాను. ఆ స్విచ్చి ఆయన కాలికింద ఉండేది. 1997 ఆవిర్భావ దినోత్సవం నాడు మన క్లబ్బు ఆర్కెస్ట్రా వినిపించినంత మంచి సంగీతం నేను ఆ వేదికపై మళ్ళీ వినలేదు.

కంట్రోల్ రూములో కూడా అదే చేశాం. ప్రారంభాన్ని మూడు వారాలు వెనక్కు జరిపించుకున్నాను. పైఅధికారుల చేత మాట కూడా పడ్డాను. సీనియరు ఆపరేటర్లను కూర్చోబెట్టి అలారాల జాబితా మళ్ళీ రాశాం. సగం అలారాలు తీసివేయవలసి వచ్చింది. మేము అసలు ఊహించని రెండు మూడు కొత్తవి చేర్చవలసి వచ్చింది. ఫ్యాను బేరింగు పాడయ్యే ముందు వచ్చే చప్పుడును వారు చెవితో గుర్తుపట్టేవారు. ఆ చెవి పట్టిన దానిని కంపనాల కొలతగా మార్చి తెరమీదకు తెచ్చాం. మాస్టారి భాషలో చెప్పాలంటే, యంత్రంలో ఖాళీలు ఉంచాం.

మాస్టారు 1999లో పదవీ విరమణ చేసి సొంత ఊరు వెళ్ళారు. 2011లో కాలం చేశారు. నేను బదిలీల్లో తిరుగుతూ ఆ యంత్రాన్ని రేకు పెట్టెలో పెట్టి తాళం వేశాను.

పెట్టె తెరిచాక

తాళం పగలగొట్టక తప్పలేదు. యంత్రం వెనుక బ్యాటరీలు కారి, లోహపు పట్టీలు పచ్చగా తుప్పు పట్టి ఉన్నాయి. ఆదివారం కూర్చుని వెనిగరు అద్దిన దూదితో శుభ్రం చేసి, రెండు ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు మార్చాను. ఎర్రదీపం వెలిగింది. మీట నొక్కగానే ముప్పై ఏళ్ళ నాటి 'టిక్' వినిపించింది. మా శ్రీమతి వంటింట్లో నుంచి, "వచ్చిందీ సవతి!" అన్నది.

ఇప్పుడు మా అమ్మాయి సెల్‌ఫోనులో ఇటువంటి యంత్రాలు వంద ఉన్నాయి. 808 ధ్వనులు, డి.ఎక్స్.7 గంటలు అన్నీ ఉచితంగా దొరుకుతాయి. వాటిలో శ్రుతి జారదు, టేపు ఇరుక్కోదు. ఈ తరం మా కంటే అదృష్టవంతులని నేను నిస్సంకోచంగా చెబుతాను. పాతదంతా బంగారమన్న వాదన నాకు లేదు. నేడు కృత్రిమ మేధ పాటలు కడుతున్నది, గొంతులు అనుకరిస్తున్నది. మా రిథమ్ యంత్రాన్ని చూసి ఆనాటి పెద్దలు భయపడినట్లే మనం ఇప్పుడు దానిని చూసి భయపడుతున్నాం. ఆ యంత్రం గురించి తీర్పు చెప్పేటంత విద్య నాకు లేదు. దానిని తెచ్చి పెట్టేవారితో మాత్రం ఒక మాట చెప్పగలను. జాబితా గోడకు అంటించే ముందు, పేరు కొట్టివేయబడినవారి ఇంటికి ఒకసారి వెళ్ళి రండి.

క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కించే పని మా అమ్మాయి తీసుకున్నది. ఒక రాత్రి నన్ను పిలిచి చెవులకు హెడ్‌ఫోను తగిలించింది. 1992 ఆవిర్భావ దినోత్సవం టేపు. ఆ రోజున మిక్సరు నుంచి తీగ లాగే తీరిక లేక, టేపురికార్డరును వేదిక ముందు, మొదటి వరుస దగ్గర ఒక స్టూలు మీద పెట్టి, దానిలోని మైకుతోనే రికార్డు చేశాం.

"నాన్నా, మొదటి చరణం తరువాత రిథమ్ ఆగిపోయింది. కాని వెనకాల చెక్కమీద కొట్టినట్లు ఇంకేదో వినిపిస్తున్నది. నాయిస్ అనుకుని తీసివేయబోయాను. తాళంలో ఉందని ఆగాను. ఏమిటది?"

విన్నాను. సన్నగా, స్పష్టంగా, పాట చివరి వరకూ ఉన్నది. ముప్పై ఏళ్ళుగా ఆ టేపు నా దగ్గరే ఉన్నా, సిగ్గువల్ల ఒక్కసారి కూడా వేసి వినలేదు.

"తీసివేయకు తల్లీ," అన్నాను. "తబలా అదే."

ఆ పాట ప్రతిని మాస్టారి కుటుంబానికి పంపించాం. పాఠక మిత్రులకు ఒక మనవి. మీ అటకల మీద కూడా క్లబ్బు కార్యక్రమాల పాత క్యాసెట్లు ఉండి ఉంటాయి. అవి పూర్తిగా బూజు పట్టకముందే దించండి. తాళంచెవి దొరకకపోతే తాళం పగలగొట్టండి. విని, ఎవరి చేతులు వినిపిస్తున్నాయో గుర్తుపట్టి, వారి పేరు క్యాసెట్టు మీద రాసి పెట్టండి.